టాండెం ఐలాండ్ తెరచాప కయాక్: ముందు సీటు, తర్వాతే మోటార్

కయాక్‌కి ఎలక్ట్రిక్ మోటార్ పెట్టించాలనుకునే వాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎన్ని పౌండ్ల థ్రస్ట్ (పడవని నెట్టే బలం) తీసుకోవాలి? కొన్నేళ్లుగా ఫ్లోరిడాలో, టాంపా బేలో హోబీ టాండెం ఐలాండ్ నడుపుతున్నాను. నన్నడిగితే ఆ ప్రశ్న ఆఖర్న రావాలి. ముందు రోజంతా నడుం పట్టేయకుండా కూర్చోగలగాలి. తర్వాత ఏ బరువు ఎక్కడ ఉండాలో తేల్చుకోవాలి. ఈ రెండూ కుదిరితే చిన్న మోటారే చాలు. కుదరకపోతే ఎంత పెద్ద మోటార్ ఉన్నా మధ్యాహ్నం దాటేసరికి ఒడ్డు ఎప్పుడొస్తుందా అనిపిస్తుంది.

ఈ పడవ తెలియని వాళ్ల కోసం కొన్ని వివరాలు. పొడవు 18 అడుగుల 6 అంగుళాలు, ముందొకరు వెనకొకరు కూర్చుంటారు. రెండు పక్కలా ఆమాలనే సన్నటి చిన్న పడవలుంటాయి, వాటిని మధ్య పడవకి కలిపే అల్యూమినియం గొట్టాలు అకాలు. అన్నీ విప్పి పరిస్తే వెడల్పు 10 అడుగులు. తెరచాప 90 చదరపు అడుగులు, తాడు లాగితే మాస్ట్ (తెరచాప స్తంభం) చుట్టూ చుట్టుకుపోతుంది. గాలి లేనప్పుడు కాళ్లతో తొక్కడానికి మిరాజ్ డ్రైవ్ ఉంది, ఇది 1997 నుంచీ హోబీ కయాక్‌ల ప్రత్యేకత. అన్నీ బిగించాక పడవ బరువు సుమారు 109 కిలోలు, మోయగలిగే బరువు 272 కిలోలు. ఈ చివరి అంకె మర్చిపోకండి. ఇద్దరు పెద్దవాళ్లు, నీళ్లు, ఐస్ బాక్స్, లంగరు ఎక్కాక మిగిలేది మీరనుకున్నంత ఉండదు. మోటార్, బ్యాటరీ ఆ మిగిలిన దాంట్లోనే సర్దుకోవాలి.

సీటు సంగతి. 2015 మోడల్ నుంచి వీటికి వ్యాంటేజ్ సీట్లు వస్తున్నాయి. అంతకు ముందు కుషన్ పడవ అడుగుకే ఆనుకుని ఉండేది, ఒక్క అల లోపలికొస్తే ఆ నీళ్లలోనే కూర్చోవాలి. వ్యాంటేజ్ సీటు ఫ్రేమ్ మీద బిగించిన మెష్, అంటే వల లాంటి బట్ట. నీళ్లు కిందికి జారిపోతాయి, వీపుకి గాలి తగులుతుంది. పాత మోడల్ సగం ధరకి దొరుకుతోందని ఎవరైనా చెప్తే, సీటు మార్చుకునే ఖర్చు కూడా లెక్కేసుకుని బేరమాడండి.

అయితే ఈ సీటుని ఒకచోట బిగించి వదిలేస్తే దాని విలువ సగమే తెలుస్తుంది. పెడల్ తొక్కేటప్పుడు వీపు నిటారుగా ఉండాలి, కాలు పూర్తిగా చాచినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. తెరచాప మీద వెళ్లేటప్పుడు తల ఎత్తి పైకి చూడాలి కాబట్టి వెనక్కి వాలితేనే మెడకి సుఖం. గాలి మారినప్పుడల్లా నేను వీపు పట్టీ సర్దుకుంటాను, ఇప్పుడది చెయ్యి దానంతటదే చేసే పని. సీటుని పైకి లేపితే మామూలు కయాక్ ఒరిగిపోతుంది. ఇక్కడ ఆమాలు ఉన్నాయి కాబట్టి ఆ భయం లేదు, నిశ్చింతగా ఎత్తు పెంచుకోవచ్చు.

మా నాన్నగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టి వీడన్ ఐలాండ్ మడ అడవుల వైపు తీసుకెళ్లాను. కోరింగ చూసిన మనిషి, చెట్ల వేళ్లు చూసి చాలా ముచ్చటపడ్డారు. ఒడ్డుకి వచ్చాక మాత్రం, "ఒరేయ్, లేవడానికి పట్టుకోడానికేమైనా ఉందా?" అనడిగారు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి కూర్చోవడం కష్టం కాదు, లేవడమే కష్టం. ఆ వారమే ముందు అకా గొట్టానికి రెండు పక్కలా వెడల్పాటి పట్టీతో పట్టుకొమ్మలు కట్టాను. ఈ పడవలో పెట్టిన అన్నిటికంటే తక్కువ ఖర్చు వాటికే అయింది, ఇంట్లో అందరూ వాడేవీ అవే.

సీటు తర్వాత బెంచీలు. ఇక్కడ ఐలాండ్ పడవలు నడిపేవాళ్లు వీటిని హాకా అంటారు. ముందు అకా నుంచి వెనక అకా దాకా పక్కన పరిచే పలక, దాని మీద మనిషి కూర్చోవచ్చు. గాలి గట్టిగా ఉన్నప్పుడు గాలి వచ్చే వైపు బెంచీ మీదికి జరిగితే పడవ తిన్నగా లేస్తుంది, అవతలి ఆమా నీళ్లలో మునగకుండా తేలికగా పోతుంది. నేను మెరైన్ ప్లైవుడ్‌తో చేయించుకున్నాను, అంచులకి ఎపాక్సీ రెండు పూతలు. తెల్ల ప్లాస్టిక్ షీట్ కూడా వాడతారు, కానీ మధ్యలో ఆనుడు లేకపోతే మన ఎండకి అది కుంగుతుంది. ఇద్దరు మనుషులు రోజుకి నాలుగైదు గంటలు నీళ్ల మీద ఉంటే కాళ్లు కదిపే చోటు కావాలి. మా ఆవిడ రెండో గంట నుంచీ బెంచీ మీదే ఉంటుంది.

ఇక మోటార్. రెండు రకాలు వాడాను. మొదటిది చెరువుల్లో చేపల పడవలకి పెట్టే 12 వోల్టుల ట్రోలింగ్ మోటార్. దాని ఫ్యాన్ (ప్రొపెల్లర్) పిచ్ తక్కువ, అంటే ఒక్కో చుట్టుకి ముందుకి నెట్టే దూరం తక్కువ; బరువైన పడవని నెమ్మదిగా కదపడానికి తయారైంది. గంటకి నాలుగైదు మైళ్లు వచ్చేసరికి ఇక నెట్టడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. అందుకే ఇలాంటి సన్నటి పడవ మీద 30 పౌండ్లదైనా 55 పౌండ్లదైనా గరిష్ఠ వేగం దాదాపు ఒకటే, 55 పౌండ్లది మాత్రం ఫుల్ స్పీడ్‌లో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఐదు గేర్లున్న పాత పద్ధతివైతే తక్కువ స్పీడ్‌లో మిగిలిన కరెంటుని కాయిల్‌లో వేడిగా పోగొడతాయి. ట్రోలింగ్ మోటారే కొనాలనుకుంటే స్పీడ్‌ని సన్నగా పెంచుకునే డిజిటల్ కంట్రోల్ ఉన్నదీ, ఉప్పునీటికి చేసినదీ తీసుకోండి.

రెండోది టోర్కీడో అల్ట్రాలైట్ 403. టోర్కీడో 2005లో జర్మనీలో మొదలైన కంపెనీ, 2024లో యమహా కొనుక్కుంది. ఈ మోటార్ 400 వాట్లు, లిథియం బ్యాటరీ 320 వాట్-అవర్లు. ఫుల్‌గా తిప్పితే ముప్పావు గంటకి కాస్త ఎక్కువ, అంతే. 100 వాట్ల దగ్గర పెడితే మూడు గంటలు దాటుతుంది. పవర్ నాలుగో వంతుకి తగ్గింది కదా, వేగమూ అంతకే పడిపోతుందా అంటే లేదు, మూడింట రెండొంతుల దగ్గర ఉంటుంది. నీళ్లని చీల్చడానికి కావలసిన పవర్ వేగంతో పాటు అంత నిటారుగా పెరుగుతుంది. ఈ ఒక్క లెక్క బుర్రకెక్కితే పెద్ద మోటార్ మీద మోజు పోతుంది. డిస్‌ప్లేలో జీపీఎస్ ఉంది: ఇప్పుడెంత వాట్లు, ఎంత వేగం, ఇలాగే పోతే ఇంకెంత దూరం అన్నవి కళ్ల ముందుంటాయి. థ్రాటిల్ కొద్దిగా వెనక్కి తిప్పగానే మిగిలిన దూరం అంకె పెరగడం చూస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఎక్కడ బిగించాలి అన్నది ఎంత పవర్ అన్నదానికంటే ముఖ్యం. వెనక చివర పెడితే ఫ్యాన్ ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది, కానీ వెనక సీటు నుంచి చెయ్యి అందదు, తాడుతో ఎత్తాలి. పైగా ఆ బరువుకి పడవ వెనక భాగం కుంగి, నీళ్లు ఈడ్చుకుంటూ వస్తుంది. నేను వెనక సీటు పక్కన, అకాకి క్లాంప్ చేసిన అడ్డ పలక మీద పెట్టాను. కూర్చున్న చోటి నుంచే ఎత్తొచ్చు, దించొచ్చు, గడ్డి చుట్టుకుంటే తీసేయొచ్చు. మోటార్‌ని తిన్నగా లాక్ చేసి చుక్కానితోనే తిప్పుతాను. దీనిలో లోటు లేకపోలేదు: అలలు పెద్దవైతే ఫ్యాన్ అప్పుడప్పుడు గాలిలోకి లేస్తుంది. మా బేలో అది భరించగలిగినంతే. మోటార్ నీళ్లలోంచి పూర్తిగా పైకి లేచేలా ఉండటం మాత్రం తప్పనిసరి. తెరచాప మీద వెళ్తూ ఆగిన ఫ్యాన్‌ని ఈడ్చుకెళ్తే సంపాదించుకున్న వేగమంతా దానికే పోతుంది.

మోటార్ నిజమైన విలువ నాకు తెలిసింది తెరచాపతో కలిపి వాడినప్పుడే. గాలి 5 నాట్లు (సముద్రం మీద వేగం కొలత), సరిగ్గా పక్క నుంచి వస్తోందనుకోండి. ఒక్క తెరచాపతో పడవ బద్ధకంగా కదులుతుంది. మోటార్‌తో 3 నాట్లు అందిస్తే పడవ మీద తగిలే గాలి 5.8 నాట్లవుతుంది, కొంచెం ముందు నుంచి వస్తుంది. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి బట్ట మీద బలం మూడో వంతుకి పైగా ఎక్కువ. తెరచాపని కాస్త లోపలికి లాక్కుంటే ఆ బలం పనికొస్తుంది, మోటార్‌ని ఇంకా తగ్గించొచ్చు. ఎగ్మాంట్ కీ ద్వీపం నుంచి సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు సముద్రపు గాలి పడిపోతుంది, పాటు నీళ్లు (సముద్రం వెనక్కి తగ్గేటప్పటి ప్రవాహం) బంసెస్ పాస్ అనే పాయ గుండా గల్ఫ్ వైపు లాగుతుంటాయి. అప్పుడు కాళ్లు, తెరచాప, 100 వాట్ల మోటార్ మూడూ కలిస్తే ఎదురునీటిలో కూడా హాయిగా ఫోర్ట్ డిసోటో ఒడ్డుకి చేరుకుంటాం.

ట్రోలింగ్ మోటార్ పెట్టుకునే వాళ్లు లెడ్ బ్యాటరీ ఆలోచన మానుకోండి. 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీ దగ్గర దగ్గర 30 కిలోలు, అందులో వాడుకోదగ్గది సగమే. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 12 కిలోల లోపు, దాదాపు అంతా వాడుకోవచ్చు. దాన్ని రెండు సీట్ల మధ్య హ్యాచ్ (పడవ లోపలికి తెరుచుకునే మూత) దగ్గర, కదలకుండా పట్టీ వేసి ఉంచండి. ఫ్యూజ్ బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఉండాలి.

పడవ పాలిథిలిన్, దీనికి మామూలు జిగుర్లు, సీలెంట్లు గట్టిగా పట్టవు. ఏది బిగించినా వెనక పలక వేసి బోల్ట్ వేయాలి, సందుల్లో నీళ్లు కారకుండా బ్యూటైల్ టేప్. స్టీలు బోల్ట్ అల్యూమినియం గొట్టాన్ని నేరుగా తాకితే ఉప్పునీటిలో అల్యూమినియం తినేసుకుపోతుంది, మధ్యలో నైలాన్ వాషర్ వేయండి. అకాలని పట్టుకునే బ్రేస్‌లలో నైలాన్ షియర్ బోల్టులుంటాయి. ఆమా దేనికైనా గుద్దుకుంటే ముందు అవి విరిగి మిగతా పడవని కాపాడతాయి. విరుగుతున్నాయని స్టీలువి వేస్తే ఆ దెబ్బ బ్రేస్ మీద, పడవ మీద పడుతుంది. నాలుగు స్పేర్లు, స్క్రూడ్రైవర్ లైఫ్ జాకెట్ జేబులోనే ఉంచుతాను. చేతి పంపు తప్పనిసరి. సగం దారిలో ఒకసారి హ్యాచ్ తెరిచి లోపల నీళ్లు చూడండి, కాళ్ల కింద లీటర్లకొద్దీ నీళ్లున్నా పైకి తెలియదు.

చట్టం సంగతి చాలామంది మర్చిపోతారు. ఫ్లోరిడాలో మోటార్ లేని కయాక్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఎంత చిన్న ఎలక్ట్రిక్ మోటార్ పెట్టినా టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్, ముందు రెండు పక్కలా 3 అంగుళాల నంబర్లు కావాలి. మోటార్ తిరుగుతున్నంతసేపు, తెరచాప ఎత్తి ఉన్నా సరే, రూల్స్ లెక్కలో మీది మోటార్ బోటే. ఇంకొకటి: మోటార్ లేని 26 అడుగుల లోపు ఓపెన్ తెరచాప పడవలకి సముద్రతీరంలో పగటి పూట ప్రమాద సంకేతాలు (ఫ్లేర్ల లాంటివి) ఉంచుకోవడం నుంచి మినహాయింపు ఉంది. మోటార్ పెట్టిన రోజే అది పోతుంది, ఈ పడవ పొడవు 16 అడుగులు దాటింది కాబట్టి పగటివీ రాత్రివీ రెండూ దగ్గర ఉండాలి. 2021లో వచ్చిన కిల్ స్విచ్ (మనిషి పడిపోతే మోటార్ ఆపేసే స్విచ్) నిబంధన 115 పౌండ్ల థ్రస్ట్ నుంచే వర్తిస్తుంది, మన చిన్న మోటార్లకి లేదు. అయినా టోర్కీడో అయస్కాంతపు తాళం తాడు నేను మణికట్టుకి కట్టుకునే కూర్చుంటాను. మనిషి నీళ్లలో పడ్డాక పడవ తనంతట తాను వెళ్లిపోతే దాన్ని అందుకోవడం ఎవరి వల్లా కాదు.

ఇంటికొచ్చాక మోటార్‌ని మంచినీళ్లతో కడిగి ఫ్యాన్ విప్పి చూడండి. షాఫ్ట్ చుట్టూ చేపల గాలపు దారం చుట్టుకుని ఉంటే పైకి కనిపించదు. అది మెల్లగా సీల్‌ని కోసేస్తుంది, నీళ్లు లోపలికి పోతాయి. చిన్న కత్తెర, కాటర్ పిన్ ట్రైలర్ పెట్టెలోనే ఉంచుకుంటే అక్కడే పనైపోతుంది.