బండల మీద పాచి పోవాలంటే యాసిడా, బ్లీచింగా, బ్రష్షా, వాటర్ మెషీనా?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికే నెల్లూరులో రెండు మూడు రోజులుగా మాకు ఎండ జాడ లేదు. వాన వెలిసిన వారానికి, కార్తీకం చివరి సోమవారం తెల్లవారుజామున, తులసికోట దగ్గర దీపం పెట్టబోయి అమ్మ జారి పడింది. ప్రమిద ఒక పక్క, అమ్మ ఒక పక్క. ఎముక విరగలేదు, అదే అదృష్టం. మణికట్టు వాచి మూడు వారాలు కట్టుతోనే ఉంది. తెల్లారాక ఆ బండను చూస్తే పచ్చగా కూడా లేదు, ఎప్పటిలాగే నల్లగా ఉంది. వేలితో రాసి చూస్తే మాత్రం జిగట.

పాచి అంటే చూడ్డానికి బాగుండదని గీకేసేదే అనుకునేవాణ్ణి అంతవరకు. ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు అది ప్రమాదమేనని ఆ రోజు అర్థమైంది. అప్పటినుంచి మా ముంగిట్లో, ఒంగోలులో అక్కావాళ్ల ఇంట్లో, మార్కాపురంలో మామయ్య వాళ్ల పెరట్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి చేసి చూశాం. ఏది మేలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ముందుగా తేల్చుకోవలసింది మన ఇంట్లో ఉన్న బండ ఏ రకమన్నది. మన నెల్లూరు, ఒంగోలు వైపు ముంగిళ్లలో ఎక్కువగా కనిపించేది కడప బండ. అది సున్నపురాయి. ఒంగోలు వైపు చీమకుర్తి గ్రానైటు ముక్కలు పరుచుకున్న ఇళ్లు ఉంటాయి. మార్కాపురం వైపు పలకరాయి. కొత్త ఇళ్లలో సిమెంటు పేవర్లు. అనుమానంగా ఉంటే ఎవరికీ కనిపించని మూల బాత్‌రూమ్ యాసిడ్ ఒక్క చుక్క వేసి చూడండి. బుసబుసా నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. ఆ చుక్కను వెంటనే నీళ్లతో కడిగేయండి.

ఈ పరీక్ష నాకు ఆలస్యంగా తెలిసింది. అమ్మ పడ్డ నాలుగో రోజు పనికి వచ్చిన మనిషి, "యాసిడ్ కొడితే అద్దంలా అవుద్ది సార్, రెండు నిమిషాల పని" అన్నాడు. నిజంగానే రెండు నిమిషాల్లో పాచి పోయింది. నురగ తెల్లగా పొంగుతుంటే మురికి వదులుతోందనే అనుకున్నాను. వదిలింది మురికి ఒక్కటే కాదు, బండ పైపొర కూడా. ఆరాక చూస్తే నల్లటి బండ మీద బూడిద రంగు మరక, చెయ్యి పెడితే గరగర. అంతకు ముందు అరిచేయి జారేంత నునుపుగా ఉండేది ఆ బండ. గరుకైన చోట నీరు ఎక్కువసేపు నిలుస్తుంది, దుమ్ము పట్టుకుంటుంది. మరుసటి ఏడాది వానలకు పాచి అన్నిచోట్ల కంటే ముందు వచ్చింది సరిగ్గా ఆ మరక మీదికే. అందుకే కడప బండకు, సిమెంటు పేవర్లకు యాసిడ్ వద్దని ఇప్పుడు ఎవరడిగినా గట్టిగా చెబుతున్నాను. సిమెంటులోనూ సున్నమే ఉంది, దాన్నీ తినేస్తుంది. వెనిగర్, నిమ్మరసం కూడా యాసిడ్లే, కాకపోతే మెల్లగా తింటాయి. గ్రానైటు యాసిడ్‌కు తట్టుకుంటుంది గానీ రాళ్ల మధ్య సిమెంటు తట్టుకోదు.

ఇక బ్లీచింగ్. మా దగ్గర రొయ్యల చెరువుల వాళ్లు నీళ్లు శుద్ధి చేయడానికి బస్తాలకు బస్తాలు కొంటారు కాబట్టి దొరకడం కష్టం కాదు. పాచిని చంపడంలో దీనిదే పైచేయి. అయితే చాలామంది చేసే పని పొడిని నేరుగా బండల మీద చల్లి, నీళ్లు కొట్టి వదిలేయడం. అలా చేస్తే తెల్లటి సున్నపు పొర మిగిలిపోతుంది, పాచి మాత్రం సగమే చస్తుంది. నేను చేసేది ఇలా: పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో మూడు వందల గ్రాముల పొడి కలిపి అరగంట కదపకుండా ఉంచుతాను. అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లు మాత్రం వంచుకుని బండల మీద పోసి, ఇరవై నిమిషాలు ఆగి, బ్రష్షుతో రుద్ది కడిగేస్తాను. మిట్టమధ్యాహ్నం కంటే సాయంత్రం మేలు. ఎండకు క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది, నీళ్లు కూడా తొందరగా ఆరిపోతాయి. ప్యాకెట్ విప్పి నెలల తరబడి మూలన పెట్టిన పొడిలో పస ఉండదు, ఎంత పోసినా పని జరగదు.

దీనితో జాగ్రత్తలు చాలా ఉన్నాయి. తులసికోట, మొక్కల పాదులు, చేపల తొట్టి, బావి ఉన్న వైపుకు ఆ నీళ్లు పోనివ్వకూడదు. ఇనుప గేటుకు తగిలితే తుప్పు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, యాసిడ్ పోసిన బండ మీద ఆ రోజే బ్లీచింగ్ పోయకండి, రెండూ ఎప్పుడూ కలపకండి. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఊపిరితిత్తులను దెబ్బతీసే గ్యాస్ అది, మూసి ఉన్న చోట ప్రాణమే పోవచ్చు. యాసిడ్ సరిగ్గా పనిచేయలేదని పైన బ్లీచింగ్ పోసేవాళ్లున్నారు కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

కార్లు కడిగే వాటర్ మెషీన్ బావ అద్దెకు తెచ్చాడు. ఒంగోలులో వాళ్ల ముంగిట గ్రానైటు కాబట్టి అద్భుతంగా పనిచేసింది. గంటలో ముంగిలి మొత్తం కొత్తగా వేసినట్టయింది, మందుల వాసన లేదు, మొక్కలకు భయం లేదు. అదే మెషీన్ మార్కాపురం తీసుకెళ్తే కథ వేరు. పలకరాయి పుస్తకంలో పేజీల్లాంటి పొరలతో ఉంటుంది. మెషీన్ గొట్టం ముక్కు (నాజిల్) దగ్గరగా పెట్టి కొట్టగానే ఒక బండ అంచు నుంచి పెచ్చు లేచి ఎగిరింది. మామయ్య ఏమీ అనలేదు గానీ ఆ పెచ్చును తీసి గోడ మీద పెట్టాడు, అది నాకు ఇప్పటికీ మనసులో ఉంది. మా పేవర్ల మీద వాడినప్పుడు సందుల్లో ఇసుకంతా బయటికి వచ్చేసి, తర్వాత రెండు పేవర్లు కదలడం మొదలుపెట్టాయి. కొత్త ఇసుక పోసి చీపురుతో సందుల్లోకి ఊడ్చుకోవలసి వచ్చింది. మెషీన్ వాడాలనుకుంటే సూటిగా సన్నధార వచ్చే ముక్కు కాకుండా విసనకర్రలా విచ్చుకునే ముక్కు పెట్టి, బండకు అడుగు దూరంలో, ఏటవాలుగా కొట్టండి. ఇంకొకటి, మెషీన్ పాచిని కొట్టుకుపోయేలా చేస్తుంది గానీ చంపదు. గోడ మీద చిమ్మిన పచ్చటి తుంపర్లు చూసి అక్క, "ఇక్కడ పోయింది అక్కడికి చేరింది" అంది. అది నిజం. గోడలు కూడా కడగాల్సిందే.

చివరికి మా ఇంట్లో నిలబడ్డది బ్రష్షు. పాచి, నాచు ఒకటి కావు. పాచి బండ మీద పల్చటి జిగట పొర. నాచు సందుల్లో మఖమల్ గుడ్డలా మెత్తగా, పొట్టిగా పెరుగుతుంది. దానికి వేళ్లు ఉండవు, సన్నటి నూగులాంటి పోగులతో పట్టుకుని ఉంటుంది. అందుకే గీకితే తేలిగ్గా వస్తుంది. పూర్తిగా ఎండినప్పుడు పొడై చెదిరిపోతుంది, మరీ తడిగా ఉంటే పులుముకుంటుంది. వాన వెలిసిన మర్నాడు, సగం తడిగా ఉన్నప్పుడు గీకితే పెచ్చుపెచ్చుగా లేస్తుంది. నేను వాడేది పాత అట్లకాడ. సందులోకి సరిగ్గా దూరుతుంది. తర్వాత గట్టి ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్దుతాను. వైరు బ్రష్షు కడప బండను గీరేస్తుంది, దాని తీగముక్కలు ఎక్కడైనా ఇరుక్కుంటే తుప్పు మరకలు వస్తాయి. గీకిన చెత్తను కాల్వలోకి ఊడ్చేయకుండా చేటలోకి ఎత్తేయాలి. వేసవిలో నల్లగా ఎండిపోయి చచ్చినట్టే ఉండే నాచు, ఒక్క వానకు తిరిగి పచ్చబడటం నేను కళ్లారా చూశాను.

తులసికోట చుట్టూ ఏ మందూ పోయను. సందుల్లో కాగే నీళ్లు పోస్తాను, అంతే. కాస్త చోటే కాబట్టి సాధ్యం. వాకిలి మొత్తానికి కుదరదు. మైలుతుత్తం కలిపిన నీళ్లు చాలామంది చెబుతారు. పాచిని చంపే మాట నిజమే గానీ నీలి మరక పడుతుంది, అందులోని రాగి మట్టిలో ఉండిపోతుంది, చేపలకు విషం. ఉప్పు కూడా వద్దు, మట్టి పాడవుతుంది, రాయి పొడిరాలుతుంది.

కాబట్టి నా లెక్క ఇది. కడప బండకు గీకుడు, బ్రష్షు, పైన ఏడాదికి ఒకసారి తేరిన బ్లీచింగ్ నీళ్లు. గ్రానైటుకు మెషీన్. పలకరాయికి బ్రష్షు తప్ప ఇంకేమీ వద్దు. పేవర్లకు బ్లీచింగ్ నీళ్లు, మెషీన్ పెడితే ఇసుక సిద్ధంగా ఉంచుకోండి. బ్లీచింగ్ మాత్రం గీకిన తర్వాతే. దట్టంగా ఉన్న నాచు మీద పోస్తే క్లోరిన్ పైపొరకే ఖర్చయిపోతుంది, కిందది బతికే ఉంటుంది.

ఇవన్నీ చేస్తుంటే అమ్మ ఒక రోజు కుర్చీ వేసుకుని కూర్చుని చూసి, "ముందు ఆ తడి ఎక్కణ్ణుంచి వస్తోందో చూడు నాయనా" అంది. లేచి వెళ్లి చూస్తే ఏసీ పైపు నీళ్లు నేరుగా తులసికోట పక్క బండ మీదే పడుతున్నాయి. ఇంకో వైపు మేడ మీద ట్యాంకు నిండి పొర్లిన నీళ్లు గోడ వెంట జారి అదే మూలకు చేరుతున్నాయి. ఆ మూల బండలకు వాటం లేదు, నీళ్లు కాల్వ వైపు పోకుండా అక్కడే నిలుస్తున్నాయి. పైన నందివర్ధనం కొమ్మలు గుబురుగా పెరిగి మధ్యాహ్నం దాకా ఎండ పడనివ్వడం లేదు. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. అలాంటి మూల ఆ మూడు నెలలూ ఆరదు.

ఏసీ పైపు చివర ఒక మూర పీవీసీ గొట్టం తగిలించి కాల్వలోకి వంచాం. ట్యాంకుకు వాల్వు పెట్టించాం. కొమ్మలు కొట్టించాం. రెండు బండలు లేపి వాటం సరిచేయడానికి మేస్త్రికి ఒక్క పూట పట్టింది. కిందటి కార్తీకంలో ఆ బండ మీద పాచి సన్నగా, అక్కడక్కడ మాత్రమే వచ్చింది, బ్రష్షుకే పోయింది. యాసిడ్ మరక మాత్రం అలాగే ఉంది. అమ్మ ఇప్పుడు దీపం పెట్టేటప్పుడు దాని మీద కాలు పెట్టకుండా పక్క బండ మీద నిలబడుతుంది.