రాస్ కొండ, కప్పస్తంభం, మా మాస్టారు

పొద్దున విజయవాడలో ఎక్కిన రత్నాచల్ మధ్యాహ్నానికి విశాఖలో దింపింది. మాస్టారు కొండ పండక్కి రమ్మన్నారని బయల్దేరాను. మాస్టారంటే నాకు కవిత్వం చదవడం నేర్పిన మనిషి. పేరు రాయొద్దన్నారు, రాయను. నలభై ఏళ్ళు నాస్తిక సభల్లో మైకు పట్టుకున్నారు. పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రానికి నన్ను మొదటిసారి తీసుకెళ్ళిందీ, నిప్పుల మీద నడిస్తే కాళ్ళెందుకు కాలవో విడమర్చి చెప్పిందీ ఆయనే. అలాంటాయన మొన్న ఈస్టరు జాగరణ రాత్రి జ్ఞానస్నానం తీసుకుని క్రైస్తవుడయ్యారని విని నేను నాలుగు నెలలు ఫోన్ చెయ్యలేదు. చివరికి ఆయనే చేశారు. "అలిగింది చాలు గానీ, డిసెంబరు 8న రాస్ కొండ మీద మరియమాత పండగ. రా."

స్టేషన్ గురించి ముందే ఒక మాట. అందరూ ఊరి వైపు గేటు నుంచి బయటికొచ్చి ఆటోవాళ్ళ మధ్యలో ఇరుక్కుంటారు. జ్ఞానాపురం వైపు ఇంకో గేటుంది. అటు దిగితే సెయింట్ పీటర్స్ కెథెడ్రల్ ఉన్న పేటలోనే దిగినట్టు. నాకది తెలీక ఇటు దిగాను. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు దాకా ఆటోవాడు రెండొందలన్నాడు. ఫోన్‌లో చూస్తే తొంభై. సిటీ బస్సెక్కాను.

కాంప్లెక్స్ దగ్గర ముందే బుక్ చేసుకున్న లాడ్జి గురించి ఎక్కువ చెప్పను, పేరు అసలే చెప్పను. ఫొటోలో కిటికీ ఉంది. గదిలోనూ ఉంది, తెరిస్తే పక్క బిల్డింగు గోడ. ఏసీ వేస్తే పిండిమర చప్పుడు. వేణ్ణీళ్ళు ఆరు నుంచి ఏడున్నర దాకేనట, అదీ బకెట్టు లెక్కన. పదకొండొందలు పోశాను. మర్నాడు మాస్టారు చూసి, ఏమీ అనకుండా బ్యాగు తీసుకుని నడిచారు. సిస్టర్లు నడిపే ఒక వసతి గృహంలో గది ఇప్పించారు. ఐదొందలు. టీవీ లేదు, రాత్రి తొమ్మిదికి గేటు మూసేస్తారు. దుప్పటికి ఎండలో ఆరిన వాసన. రాత్రి భోజనంలో పప్పుచారు, వంజరం వేపుడు. మంచానికి ఎదురుగా గోడ మీద సిలువ. లైటు ఆర్పాక కూడా అది అక్కడే ఉందని తెలుస్తూనే ఉంది, అదొక్కటే నాకు ఇబ్బంది. మొత్తం మీద ఊళ్ళో నేను పడుకున్న చోట్లన్నిటిలో ఇదే మేలు.

మొదటి రోజు సాయంత్రం బీచ్ రోడ్డు. కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి మ్యూజియంగా ఉంది, నేను రెండుసార్లు చూసేశాను. మొదటిసారి వెళ్ళేవాళ్ళు తప్పకుండా లోపలికెళ్ళండి, నడుం వంచలేనివాళ్ళు తప్ప. మూరీ మిక్స్చర్ తింటూ శ్రీశ్రీ విగ్రహం దాకా నడిచాం. శ్రీశ్రీ పుట్టిన ఊరు, 1970లో ఆయన షష్టిపూర్తికి వచ్చిన రచయితలందరినీ "మీరెటువైపు?" అని విద్యార్థులు కరపత్రం వేసి నిలదీసిన ఊరు. మాస్టారు విగ్రహం వైపు చూసి, "నేనెటువైపో తేల్చుకోడానికి నాకే ఇన్నాళ్ళు పట్టింది, ఈయనకేం చెప్పను" అన్నారు. నేను నవ్వలేదు. అప్పటికింకా కోపంగానే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే సింహాచలం వెళ్ళాను, ఒక్కణ్ణే. దానికో కారణముంది. మాస్టారు సభల్లో ఒక కథ చెప్పి అందర్నీ నవ్వించేవారు. ఫ్రెంచి కవి పాల్ క్లోదెల్ కథ. 1886 డిసెంబరు 25. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, దేవుడి మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. రేంబో కవిత్వం చదివి ఊగిపోతున్న రోజులు. పారిస్‌లో నోత్రదామ్ చర్చికి వెళ్ళాడు, భక్తితో కాదు, రాసుకోడానికేమైనా దొరుకుతుందని. పొద్దుటి పూజ అంతంతమాత్రంగా అనిపించింది. మధ్యాహ్నం వేరే పనేమీ లేక మళ్ళీ వెళ్ళాడు. పిల్లలు తెల్లబట్టల్లో మరియమ్మ కీర్తన పాడుతున్నారు. కుడివైపు రెండో స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణంలో నమ్మేశానని తర్వాత తనే రాశాడు. మాస్టారు ఇంతవరకు చెప్పి ఆపేవారు. "స్తంభం పక్కన నిలబడితే దేవుడు దొరికేస్తే, మన సింహాచలంలో కౌగిలించుకుంటే కోరికలు తీరతాయనే కప్పస్తంభం ఉండనే ఉంది. పారిస్ దాకా ఎందుకు?" హాలంతా చప్పట్లు.

సరే, ఆ కప్పస్తంభాన్ని నేనూ కౌగిలించుకున్నాను. చల్లగా ఉంది. వెనకాయన "తొందరగా కానీండి బాబూ" అన్నాడు. గుడి రాతిపని మాత్రం చూసి తీరాలి, స్తంభాల మీద చెక్కడం దగ్గర అరగంట నిలబడిపోయాను. చందనం లేని నిజరూపం చూడాలంటే అక్షయ తృతీయ నాడు రావాలి, ఆ రద్దీకి నేను సిద్ధంగా లేను. కొండ మీద పులిహోర బాగుంది. తిరుగు బస్సులో సీటు దొరకలేదు.

సాయంత్రం పాత ఊరికి, రాస్ కొండకి. విశాఖలో ఒక్క చోటే చూసే టైముంటే కైలాసగిరి మానేసి ఇక్కడికి రమ్మంటాను. హార్బరు పక్కన వరసగా మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఇంకోదాని మీద ఇషాక్ మదీనా దర్గా, అన్నిటికన్నా ఎత్తైన దాని మీద మరియమాత గుడి. 1864లో రాస్ అనే దొర ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, కొండకి ఆ పేరే మిగిలింది, ఇల్లు తర్వాత ప్రార్థనా మందిరమైంది. వెంకన్న గుడి 1886లో బ్లాక్‌మోర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ కట్టించాడంటారు. "బిషప్పు పాలనలోని విశాఖ మేత్రాసనం ఏర్పడిందీ 1886లోనే, క్లోదెల్ స్తంభం దగ్గర నిలబడిందీ ఆ ఏడాదే" అన్నారు మాస్టారు. యాదృచ్ఛికం అన్నాను. "అవును, యాదృచ్ఛికమే. కవికి పనికొచ్చే యాదృచ్ఛికం" అన్నారు.

ఎక్కుడు దారి నిలువుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆగి ఆగి ఎక్కండి. పండగ కాబట్టి దారి పొడుగునా కొవ్వొత్తులు, పూలదండలు, శనగలు. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, ముసుగేసుకున్నవాళ్ళు, జాలరిపేట ఆడవాళ్ళు, అందరూ ఎక్కుతున్నారు. పైన గాలికి కొవ్వొత్తి నిలవడం లేదు. కింద ఓడల దారిలో ఒక పెద్ద ఓడ, ముందొక టగ్గు, వెనకొక టగ్గు, ఆవుని కొట్టంలోకి తోలినట్టు నెమ్మదిగా లోపలికి తెస్తున్నాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడ నీళ్ళ మీద సగం దాకా పడింది.

నా పక్కన ఒక ముసలావిడ, నడుముకి చీర కొంగు బిగించి, చేపల వాసనతోనే, జపమాల తిప్పుతోంది. "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము. ఏలినవారు మీతో ఉన్నారు." మాస్టారు నా మోచేయి పట్టుకుని, "విన్నావా?" అన్నారు.

"ఏం వినాలి?"

"మీతో. ఆవిడ ఇంట్లో ఎవర్నీ మీరు అనదోయ్. మనం అమ్మవారిని కూడా నువ్వే అంటాం. ఇక్కడ మాత్రం మీరు, వందనము, ఏలినవారు. దర్బారులో మాట్లాడినట్టు. అక్షరం రాని మనిషి నోట ఆ పాత తెలుగు విన్నాను. వెక్కిరిస్తూ వ్యాసం రాద్దామని ఒకప్పుడు వచ్చానిక్కడికి, నోట్సు రాసుకోడానికి. ఆ ఒక్క మాటా రాసుకుని పుస్తకం మూసేశాను."

అయితే మీకూ ఒక్క క్షణంలోనే జరిగిందన్నమాట, అన్నాను కొంచెం ఎగతాళిగా.

ఆయనకి కోపం వచ్చింది. నిన్నటి నుంచి మొదటిసారి. "కథ సగమే చెప్పేవాణ్ణి. రెండో సగం నాకూ తెలీదు, చదివాకే తెలిసింది. క్లోదెల్ ఆ రాత్రి ఇంటికెళ్ళి అక్క దగ్గరున్న బైబిలు తెరిచాడు. తర్వాత నాలుగేళ్ళు కొట్టుకున్నాడు తనతో తను. పూజలో ఇచ్చే సత్ప్రసాదం తీసుకుంది 1890 క్రిస్మస్‌కి. క్షణం గురించి అందరూ చెప్తారు, ఆ నాలుగేళ్ళ గురించి ఎవడూ చెప్పడు. నాకు ఆరు పట్టాయి. మతపాఠాలు చెప్పే, నా మనవడి వయసు ఉపదేశి ఎదురుగా కూర్చుని అపోస్తలుల విశ్వాస సంగ్రహం బట్టీ పట్టాను. ప్రతి వాక్యానికీ వాదించాను. వాడు పాపం, వచ్చేవారం ఫాదర్‌ని అడిగి చెప్తానండీ అనేవాడు."

నాకింకా ఒక ప్రశ్న ఉంది, వచ్చేటప్పుడే రాసిపెట్టుకున్నది. ఆ అక్క పేరు కామీ క్లోదెల్. తమ్ముడికన్నా తక్కువదేమీ కాని శిల్పి. 1913లో ఇంట్లోవాళ్ళు ఆవిణ్ణి పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1943లో చనిపోయేదాకా ముప్పై ఏళ్ళు అక్కడే. తమ్ముడు చూడ్డానికి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తన మార్పు గురించి అతను అచ్చు వేయించిందీ ఆ 1913లోనే. బైబిలు అక్కది, అక్కేమో ఆసుపత్రిలో. దీనికేమంటారని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. ఓడ బెర్తు దాకా వెళ్ళిపోయింది. "దానికి జవాబు లేదు" అన్నారు చివరికి. "నోత్రదామ్‌లో ఆ పిల్లలు పాడిన మరియమ్మ కీర్తనలోనే ఉంది, బలవంతుల్ని గద్దెల నుంచి దించాడు, ఆకలిగొన్నవాళ్ళ కడుపు నింపాడు అని. శ్రీశ్రీ ఊళ్ళో పుట్టిన నాకు అది కొత్త కాదు. అది విని మారిన క్లోదెల్ అలా బతికాడా అంటే, లేదు. నేను బతుకుతున్నానా? నాస్తికుడిగా ఉన్నప్పుడు మా చెల్లెల్ని ఎన్నిసార్లు చూశానో నీకు తెలుసు." తెలుసు. నేను అడక్కుండా ఉండాల్సింది.

ముసలావిడ లేచి తన కొవ్వొత్తి నా చేతిలో పెట్టింది. "ఏటి బాబూ, అలా నిల్చుండిపోనావు? సెయ్యి అడ్డెట్టు, ఆరిపోతాది." అడ్డం పెట్టాను. ఆవిడ వేరేది వెలిగించుకుని వచ్చి నాది తీసుకుంది.

దిగేసరికి ఎనిమిది. గేటు తొమ్మిదికి మూసేస్తారని గుర్తొచ్చి ఆటో పిలిచాం. పండగ రేటు, నూట యాభై అన్నాడు. మాస్టారు ముందుకొచ్చి, నలభై ఏళ్ళు సభల్లో మైకు ముందు వాదించిన గొంతుతోనే, పెట్రోలు ధర నుంచి మొదలుపెట్టి కిలోమీటర్ల లెక్క తేల్చారు. ఎనభైకి ఒప్పుకున్నాడు.