ఎక్స్-లా-షాపెల్ సంధా, అమియన్స్ సంధా: ఏది మేలు?

గ్రూప్స్‌కి చదివినవాళ్లు ఎక్స్-లా-షాపెల్ పేరు బట్టీ పట్టే ఉంటారు. మొదటి కర్ణాటక యుద్ధం ముగింపు, 1748, ఒక మార్కు. 1802 నాటి అమియన్స్ సంధి మనకంతగా వినపడదు. రెండూ ఇంగ్లండ్, ఫ్రాన్స్ కొట్టుకుని అలిసిపోయాక రాసుకున్నవే, రెండూ నిలవనివే. మొదటిది ఏడున్నరేళ్లు, రెండోది పద్నాలుగు నెలలు. ఈ అంకెలు చూసి మొదటిదే మేలు అనేయొచ్చు. మన గడ్డ మీద నిలబడి చూస్తే మాత్రం లెక్క అంత తేలిగ్గా తేలదు.

1748లో సూత్రం ఒక్కటే: ఎవరిది వాళ్లకిచ్చేయడం. అమెరికాలో పట్టుకున్న లూయీబర్గ్ కోటను ఇంగ్లండ్ వదులుకుంది. 1746లో ఫ్రెంచివాళ్లు లాక్కున్న చెన్నపట్నం ఇంగ్లీషువాళ్లకు తిరిగొచ్చింది. ఇప్పటి బెల్జియం వైపు గెలిచిన నేలనంతా ఫ్రాన్స్ వెనక్కిచ్చేసరికి పారిస్ జనానికి ఒళ్లు మండింది. తెలివితక్కువ పని ఏది చూసినా 'ఈ సంధిలా ఉంది' అనడం అక్కడ వాడుకైపోయింది. లండన్‌లో మాత్రం 1749 ఏప్రిల్ 27న గ్రీన్ పార్క్‌లో బాణసంచా కాల్చారు. దానికి సంగీతం కట్టింది హాండెల్. ఆ సంబరంలో మండపానికే నిప్పంటుకుంది. శకునాలు చూసేవాళ్లు ఉండి ఉంటే ఆ రాత్రే తేల్చేసేవాళ్లు.

అమియన్స్ అలా కాదు, మెలికల మయం. ఇంగ్లండ్ తరఫున సంతకం పెట్టింది మన పాఠాల్లోని కారన్‌వాలిసే. అటువైపు నెపోలియన్ అన్న జోసెఫ్. సింహళం, ట్రినిడాడ్ తప్ప పట్టుకున్నవన్నీ ఇంగ్లండ్ తిరిగిచ్చేయాలి. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవి దగ్గరే పేచీ. మూడు నెలల్లో దాన్ని ఖాళీ చేసి పాత సెయింట్ జాన్ యోధుల సంఘానికి అప్పగించాలి, 2,000 మంది నేపుల్స్ సైనికులు కాపలా ఉండాలి, ఆరు రాజ్యాలు పూచీ ఇవ్వాలి. ఇన్ని చేతులు కలిస్తేగానీ జరగని పని అది, జరగలేదు. ఈలోగా నెపోలియన్ ఇటలీలోని పీడ్‌మాంట్‌ను కలిపేసుకున్నాడు, స్విట్జర్లాండ్‌లో వేలుపెట్టాడు. అవి చూసి ఇంగ్లండ్ మాల్టా వదలలేదు. సంధిలో రాసింది ఉన్నదున్నట్టు చదివితే, మాట తప్పింది ముందు ఇంగ్లండే అనిపిస్తుంది నాకు.

అయినా మామూలు జనానికి ఆ కొద్ది నెలలే పండగ. సంధికి ముందు కుదిరిన ప్రాథమిక ఒప్పందానికి ఆమోదపత్రం మోసుకుని 1801 అక్టోబరులో ఫ్రెంచి జనరల్ లారిస్టన్ లండన్ వస్తే, జనం బండికి కట్టిన గుర్రాలు విప్పేసి తామే లాక్కెళ్లారు. ఆయన పుట్టింది మన పక్కనున్న పుదుచ్చేరిలో. యుద్ధం కోసం వేసిన ఆదాయపు పన్ను తీసేశారు. పదేళ్లుగా దారి మూసుకుపోయిన పారిస్‌కు ఇంగ్లీషువాళ్లు ఎగబడ్డారు. చిత్రకారుడు టర్నర్ అక్కడి లూవ్ర్ మ్యూజియంలో నోట్సు రాసుకుంటూ తిరిగాడు. 1803 మే 18న మళ్లీ యుద్ధం. ఫ్రాన్స్‌లో చిక్కిన 18 నుంచి 60 ఏళ్ల ఇంగ్లీషు మగవాళ్లను పట్టుకోమని నెపోలియన్ హుకుం. షికారుకెళ్లినవాళ్లలో కొందరు 1814 దాకా ఇల్లు చూడలేదు. ఈ లెక్కన యూరప్ వాళ్లకు 1748దే మేలు. అది కనీసం నమ్మించి జైల్లో వేయించలేదు.

మన వైపుకొస్తే కథ తిరగబడుతుంది. 1748 తర్వాత రెండు కంపెనీల సైనికులూ ఇక్కడ పనిలేక కూర్చున్నారు. సొంత పేరుతో కొట్టుకోకూడదు కాబట్టి నవాబులకు, నిజాం వారసులకు అద్దెకెళ్లి కొట్టుకున్నారు. 1751లో రాయచోటి దగ్గర నిజాం ముజఫర్ జంగ్ చనిపోతే ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. 1753లో ప్రతిఫలంగా కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులు ఫ్రెంచివాళ్ల చేతికొచ్చాయి. యూరప్‌లో ఇదంతా శాంతికాలమే! ఆ బుస్సీ సేన 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికొచ్చే నాటికి సంధి చచ్చిపోయి ఏడాది కూడా కాలేదు.

అమియన్స్ వల్ల ఇక్కడ ఎవరి కోటా కూలలేదు. అది దాని గొప్పేం కాదు. అప్పటికే ఇక్కడ ఫ్రెంచివాళ్ల పని అయిపోయింది. హైదరాబాద్‌లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ చనిపోయిన 1798లోనే ఆయన పెంచిన పటాలాన్ని ఇంగ్లీషువాళ్లు రద్దు చేయించారు. మూసారాంబాగ్ పేరులో మిగిలింది ఆయనే అంటారు. నన్నడిగితే, సంధిగా 1748దే నాణ్యమైనది, మన పాలిట మాత్రం అదే చేటు.

ఇక అమియన్స్ ప్రకారం పుదుచ్చేరి తీసుకోవడానికి ఫ్రెంచి జనరల్ దెకాన్ 1803 జులైలో ఓడలేసుకొచ్చాడు. ఇంగ్లీషువాళ్లు ఊరు అప్పగించలేదు. యుద్ధం వాసన తగలగానే ఆ ఓడలు రాత్రికి రాత్రే మారిషస్ దారి పట్టాయి. ఊరు మళ్లీ ఫ్రెంచివాళ్ల చేతికి రావడానికి 1816 పట్టింది.