మిగ్-21 మోడల్ కిట్: బాగుంది కానీ ఓపిక కావాలి

మన వాయుసేన ఫైటర్ పైలట్ అవనీ చతుర్వేది నడిపిన యుద్ధవిమానమే కావాలని మా అమ్మాయి ఒకటే గోల. సరే అని 1/72 స్కేల్ (అసలు దానిలో 72వ వంతు) మిగ్-21 ప్లాస్టిక్ కిట్ తెప్పించాను. అతికించాక జానెడు పొడవుంది. ముక్కు దగ్గర గాలి పీల్చే రింగు, దాని మధ్యలో కోన్ ఎంత నీట్‌గా వచ్చాయో! రెక్కలు మాత్రం బుల్లివి. అందుకే అసలు విమానం గంటకు దాదాపు 340 కిలోమీటర్ల వేగంతో దిగాల్సి వచ్చేదట. అలాంటిదాన్ని అవని 2018 ఫిబ్రవరి 19న జామ్‌నగర్‌లో ఒంటరిగా నడిపారు. వాయుసేన అధికారిగా కమిషన్ అందుకున్నది మన హైదరాబాద్ దగ్గరి దుండిగల్‌లోనే, 2016 జూన్ 18న, తోటి మహిళా ఫైటర్ పైలట్లు భావనా కాంత్, మోహనా సింగ్‌లతో కలిసి. తర్వాత సుఖోయ్ యుద్ధవిమానానికి మారి, 2023లో జపాన్‌లో యుద్ధ విన్యాసాలకూ వెళ్లారు.

స్టిక్కర్ల దగ్గరే ఒళ్లు మండింది. అన్నీ ఎర్ర నక్షత్రాలే, మన వాయుసేన గుర్తు ఒక్కటీ లేదు. మూడు రంగుల వలయాలు చేత్తో వేసుకున్నాం. ఎడమ రెక్క మీద మధ్యలోని ఆకుపచ్చ కాస్త కారింది. సీటు చిటికెన వేలి గోరంతే, పట్టకారు లేకుండా కుదరదు. చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి.

పైలట్ బొమ్మకు జడ వేయాలంది మా అమ్మాయి. హెల్మెట్‌లో జడెక్కడ కనిపిస్తుందే అన్నా వినలేదు, వేసేసింది.