అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తగా చూస్తున్నారా? ఆ పసుపు గీతని పట్టుకోండి

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) టీవీ ప్రసారాల్లో నాకు బాగా నచ్చింది 1998లో ఈఎస్‌పీఎన్ ఛానల్లో మొదలైన పసుపు గీత, కంప్యూటర్‌తో టీవీలో మాత్రమే కనిపించేలా గీసేది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు డౌన్లు, అంటే నాలుగు ప్రయత్నాలు, వాటిలో 10 గజాలు ముందుకెళ్లాలి, ఆ గీత దాటితే ఫస్ట్ డౌన్ వచ్చి మళ్లీ నాలుగు అవకాశాలు దొరుకుతాయి. స్క్రీన్ మీద థర్డ్ అండ్ సెవెన్ అని ఉంటే మూడో ప్రయత్నం, ఇంకా 7 గజాలు కావాలి అని. అసలు టెన్షన్ అక్కడే! ఆటగాళ్లు ఆ గీత మీద నడిచినా రంగు వాళ్ల ఒంటికి అంటదు, నిజంగా గడ్డి మీద గీసినట్టే ఉంటుంది, ఎంత బాగా చేశారో. అధికారికం మాత్రం కాదు, రిఫరీ మాటే ఫైనల్. కామెంటరీ కొత్తవాళ్లకి కష్టమే, క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాస్‌లు విసిరే ఆటగాడు) మీదకి మామూలుకంటే ఎక్కువమంది దూసుకెళ్తే దాన్ని బ్లిట్జ్ అంటారని ఎవరూ ఆగి చెప్పరు. టచ్‌డౌన్‌కి, అంటే బంతిని అవతలి చివర ఉన్న ఎండ్ జోన్‌లోకి చేరిస్తే 6, ఫీల్డ్ గోల్‌కి, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యలోంచి తంతే 3 పాయింట్లు, ఈ మాత్రం తెలిస్తే చాలు, చూసేయండి.