మెదడు గురించి, రీసెర్చ్ ఎథిక్స్ గురించి ఆన్‌లైన్‌లో ఏం చూడాలి: నాలుగేళ్లు వాడాక నా రివ్యూ

డిగ్రీ పిల్లలకి సైకాలజీ చెప్తాను. మా క్లాసులో సగం మంది ఇంటర్ దాకా తెలుగు మీడియమే, న్యూరాన్ బొమ్మ బోర్డు మీద వేసి వదిలేస్తే ఏమీ ఎక్కదు, అందుకే నాలుగేళ్లుగా నెట్‌లో ఫ్రీగా దొరికేవాటి మీదే ఎక్కువ ఆధారపడుతున్నా. ఏవి బాగున్నాయని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి బ్రెయిన్‌ఫ్యాక్ట్స్ డాట్ ఆర్గ్ చాలు. అమెరికాలోని సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ వాళ్లు ఇంకో రెండు ఫౌండేషన్లతో కలిసి 2012లో పెట్టారు. అందులో త్రీడీ బ్రెయిన్ ఉంటుంది, వేలితో అటూ ఇటూ తిప్పుకుంటూ ఏ భాగం ఎక్కడుందో చూసుకోవచ్చు, జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్ అంత లోపల ఉంటుందా అని పిల్లలు ఆశ్చర్యపోతారు.

కానీ నాకు అన్నిటికంటే నచ్చింది అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన క్లాసులు ఫ్రీగా పెట్టే ఓపెన్‌కోర్స్‌వేర్‌ సైట్‌లో నాన్సీ కాన్విషర్ అనే ప్రొఫెసర్ గారి ద హ్యూమన్ బ్రెయిన్, 2019 క్లాసుల రికార్డింగ్. మొదటి క్లాసులోనే ఆవిడ తన ఫ్రెండ్ ఒకాయన కథ చెప్తారు, ఆయనకి మెదడులో ట్యూమర్, ఆపరేషన్ అయ్యాక మిగతావన్నీ బాగానే ఉన్నా దారి గుర్తుపట్టే శక్తి మాత్రం తిరిగి రాలేదు. ఆ ఒక్క కథతో మెదడులో ఏ పని ఎక్కడ జరుగుతుంది అన్న ప్రశ్న మనదైపోతుంది. డ్యూక్ యూనివర్సిటీ మెడికల్ న్యూరోసైన్స్ కోర్సు కూడా మంచిదే గానీ చాలా పొడుగు, మెడిసిన్, ఫిజియోథెరపీ వాళ్లకైతే ఓకే.

మన దేశంలోది కావాలంటే ఐఐటీ మద్రాస్ వాళ్ల ధరణి అనే మెదడు అట్లాస్ చూడండి, 2024 చివర్లో వచ్చింది. గర్భంలో ఉన్న శిశువుల మెదళ్లు ఐదింటిని పల్చటి పొరలుగా కోసి, 5,132 సెక్షన్లు డిజిటల్‌గా ఎవరైనా చూసేలా పెట్టారు. అదే ఐఐటీలో ప్రొఫెసర్ వి. శ్రీనివాస చక్రవర్తి గారు ఏళ్లుగా తెలుగులో సైన్స్ రాస్తున్నారు, ఇంగ్లీష్ అంటే భయపడే పిల్లలకి ముందు అవే చదవమంటాను.

ఇక ఎథిక్స్, అంటే మనుషుల మీద రీసెర్చ్ చేసేటప్పుడు పాటించాల్సిన నీతి. నా అసలు బాధ ఇక్కడే. నేను చూసిన చాలా కోర్సుల్లో నాలుగు స్లైడ్లు, పది ప్రశ్నలు, కిందకి స్క్రోల్ చేసి నెక్స్ట్ నొక్కితే సర్టిఫికెట్. 1947 న్యూరెంబర్గ్ కోడ్, 1964 హెల్సింకి, 1979 బెల్మాంట్ రిపోర్ట్ అని ఆ నియమాల తేదీలు బట్టీ పట్టిస్తారు, అమెరికాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా ఒక స్టడీ కోసం సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి మగవాళ్లకి మందు ఉండి కూడా ఇవ్వకుండా చూస్తూ కూర్చున్నారన్నది మాత్రం ఒక బుల్లెట్ పాయింట్‌లో అయిపోతుంది. అటు మెదడు కోర్సులేమో హెచ్.ఎమ్. అనే పేషెంట్ కేసు చెప్తాయి, 1953లో ఆపరేషన్ అయ్యాక కొత్త జ్ఞాపకాలు నిలవని మనిషి, ఆయన వల్లే జ్ఞాపకశక్తి గురించి ఇంత తెలిసింది అంటాయి, 2008లో ఆయన పోయాక మెదడుని 2,401 పొరలుగా కోశారని కూడా అంటాయి. అరగంట కింద ఏం ఒప్పుకున్నాడో గుర్తుండని మనిషి దగ్గర అనుమతి ఎలా తీసుకున్నారు, ఎవరు సంతకం పెట్టారు, ఇది అడిగే కోర్సు నాకు తగల్లేదు. అందుకే ఈ రెండూ నేను కలిపే చెప్తా.

ఎథిక్స్‌కి నేను గట్టిగా చెప్పేది ఐసీఎంఆర్, అంటే మన వైద్య పరిశోధన మండలి, 2017 గైడ్‌లైన్స్, పీడీఎఫ్ ఫ్రీ. పెద్దదే, మొత్తం చదవక్కర్లేదు, కన్సెంట్ (అనుమతి) చాప్టరూ, బలహీన స్థితిలో ఉన్నవాళ్ల గురించిన చాప్టరూ చదివితే చాలు. దాని పక్కనే పార్లమెంటరీ స్టాండింగ్ కమిటీ 2013 రిపోర్ట్ పెట్టుకోండి, ఖమ్మం జిల్లాలో 2009లో ఆడపిల్లల మీద జరిగిన హెచ్‌పీవీ వ్యాక్సిన్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) స్టడీ గురించి. అక్కడ చూసిన 9,543 కన్సెంట్ ఫారాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది, 1,948 మీద వేలిముద్రలు. ఇది చదివిస్తే ఆశ్రమ పాఠశాలలో చదివొచ్చిన ఒకమ్మాయి లేచి, "మేడమ్, మాకన్నిటికీ వార్డెన్ మేడమే పెట్టేది కదా, ఇంట్లోవాళ్లని అడగాలని మాకు తెలీనే తెలీదు" అంది. అప్పుడు ఐసీఎంఆర్ పీడీఎఫ్ తెరిచి, తల్లిదండ్రుల అనుమతితో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా విడిగా తీసుకోవాలి అన్న భాగం చదివాం. ఆ రోజు ఎవరూ ఫోన్ చూడలేదు. ఆ స్టడీ టైంలో పోయిన పిల్లల మరణాలకి వ్యాక్సినే కారణమని విచారణలో తేలలేదు, ఇది కూడా క్లాసులో ఖచ్చితంగా చెప్తా, లేకపోతే పిల్లలు వ్యాక్సిన్ అంటేనే భయపడతారు, అసలు తప్పు కన్సెంట్ దగ్గర జరిగిందన్నది పక్కకి పోతుంది.

చివరగా పబ్‌పీర్, రిట్రాక్షన్ వాచ్: మొదటిది అచ్చయిన పేపర్లలో తప్పుల్ని చర్చించే సైట్, రెండోది వెనక్కి తీసుకున్న పేపర్ల లెక్క ఉంచేది. అల్జీమర్స్ మీద 2006లో నేచర్‌లో వచ్చిన పేపర్, రెండు వేలకు పైగా పేపర్లు రిఫర్ చేసింది, బొమ్మలు మార్చారని 2022లో బయటికొచ్చి 2024లో వెనక్కి తీసుకున్నారు. పద్దెనిమిదేళ్లు! ఆ మధ్యలో ఎంతమంది పీహెచ్‌డీ పిల్లలు దాని మీద ఆధారపడి ఏళ్లు పోగొట్టుకున్నారో తలుచుకుంటే కడుపు మండుతుంది. రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ ఇప్పుడు అందరికీ ఓపెన్, పేపర్ పేరు కొడితే నిమిషంలో తెలిసిపోతుంది. మా దగ్గర ఇప్పుడు సెమినార్ ఇచ్చే ప్రతివాళ్లూ అందులో వెతికాకే స్లైడ్లు మొదలుపెడుతున్నారు.