స్టాక్‌హోమ్‌లో తెలుగు గైడ్ అనగానే మురిసిపోయి డబ్బు పంపేవాళ్ళు ఒకసారి ఇది చదవండి

మ్యూనిక్‌లో ఇంటికి చేరి మూడు గంటలైంది. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు. అమ్మ పడుకుంది, నాకు నిద్ర రావడం లేదు కాబట్టి రాస్తున్నాను. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

ఎవరి గురించో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. "అమ్మానాన్నలకు ఒక్కరోజులో స్టాక్‌హోమ్, కాలినడకన, కమ్మని తెలుగులో" అంటూ ఎర్ర గొడుగు ఫొటోతో ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరిగే ప్రకటన ఉంది కదా, ఆ మహానుభావుడే. పేరు రాయను. అతన్ని నేను బుక్ చేసిన యాప్ పేరూ రాయను. మీకు తెలుసు.

వెనకటి కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి రెండు నెలల కోసం వచ్చారు. నాన్న ముప్ఫై ఏళ్ళు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. యూరప్‌లో ఏం చూస్తారని అడిగితే, సి.వి. రామన్ నోబెల్ అందుకున్న ఊరు చూపించమన్నారు. (రామన్ చిన్నప్పుడు చదువుకున్నది విశాఖపట్నంలో. ఈ సంగతి మా ఇంట్లో వారానికి ఒకసారైనా వినపడుతుంది.) సరే, శనివారం ఒక్కరోజు. వాళ్ళిద్దరూ, నేను, మా తొమ్మిదేళ్ళ పాప. యాప్‌లో తలకు 120 యూరోల చొప్పున బుక్ చేశాను. పది నిమిషాలు కాలేదు, వాట్సాప్‌లో సందేశం వచ్చింది: "అక్కా, మన డబ్బు వాళ్ళకు కమిషన్‌గా పోవడం ఎందుకు? అక్కడ రద్దు చేసి నాకు నేరుగా పంపండి. తలకు పది తగ్గిస్తాను."

నలభై యూరోలు మిగులుతాయని 440 యూరోలు పంపేశాను. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఇలా ముక్కూ మొహం తెలియనివాళ్ళకు డబ్బు పంపవద్దని ఖాతాదారులకు రోజూ చెప్పే ఉద్యోగం నాది. నవ్వుకోండి, పరవాలేదు.

ఆ 440లో ఏమేమున్నాయంటే: ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా నడక, స్టాడ్స్‌హూసెట్ అనే సిటీ హాలు లోపల పర్యటన, పాతబస్తీ గామ్లా స్తాన్, రాజభవనం దగ్గర కాపలా మార్పిడి, వాసా మ్యూజియానికి నలుగురికీ టికెట్లు. ఆ "నలుగురికీ" అన్న మాట గుర్తుపెట్టుకోండి.

తొమ్మిదికల్లా సెంట్రల్ స్టేషన్ ముందు నిలబడ్డాం. తొమ్మిదీ నలభైకి ఎర్ర గొడుగు కనిపించింది. ఆలస్యానికి సంజాయిషీ ఏమీ లేదు. అయినా "బాగున్నారా అమ్మా" అనేసరికి మా అమ్మ కరిగిపోయింది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. ఆత్రేయపురం పూతరేకులు, నేతివి, బెల్లంతో చేసినవి. మూత మీద మా అమ్మమ్మ పేరు చెక్కించిన పాత డబ్బా అది. ఒక్కో పూతరేకునూ విడిగా కాగితంలో చుట్టి, రాజమండ్రి నుంచి ఇక్కడిదాకా విమానాలు మారుతూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది, ఒక్కటి విరగలేదు. వాటిలో పది ఇతని కోసమని తీసి ఉంచింది. "పరాయి దేశంలో ఉంటున్నావు, తిను నాయనా. డబ్బా సాయంత్రం ఇద్దువుగాని" అంది. అతను వంగి అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. "మా అమ్మను చూసినట్టే ఉందమ్మా" అన్నాడు. స్టేషన్ ముందు, అంతమంది చూస్తుండగా. నేను ఫొటో కూడా తీశాను.

స్టాడ్స్‌హూసెట్ అక్కడికి పది నిమిషాల నడక. మెలారెన్ సరస్సు ఒడ్డున ఎర్ర ఇటుకల భవనం, 106 మీటర్ల గోపురం, దాని కొసన మూడు బంగారు కిరీటాలు. లోపలికి వాళ్ళ గైడు వెంటే వెళ్ళాలి, దానికి టికెట్ వేరే. మన గైడ్ గారు అది కొనలేదు. "లోపల ఏముంది అంకుల్, నీలి హాలు అని పేరే గాని గోడలన్నీ ఇటుకలే" అన్నాడు. ఆ ముక్క నిజమే. నీలం రంగు వేయాలనుకున్న వాస్తుశిల్పి ఇటుకల అందం చూసి మనసు మార్చుకున్నాడు, పేరు మాత్రం నిలిచిపోయింది. అయితే ఏటా డిసెంబరు 10న నోబెల్ విందు జరిగేది ఆ ఇటుకల మధ్యే కదా. నాన్న తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. "రామన్‌కు బహుమతి ఇచ్చిన చోటు ఏది బాబూ?" అని అడిగారు. "అది ఇప్పుడు లేదు అంకుల్" అన్నాడు, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

తర్వాత గామ్లా స్తాన్. స్టూర్‌టోర్యెట్ చౌకులో నిలబడి 1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండవ క్రిస్టియన్ అక్కడ ఎనభైమందికి పైగా తలలు తీయించిన కథ చెప్పాడు. బాగానే చెప్పాడు, కాదనను. పక్కనున్న ఎర్ర ఇంటి గోడలో తెల్ల రాళ్ళు ఒక్కో తలకు ఒక్కటి చొప్పున పెట్టారని కూడా చెప్పాడు. ఆ ఇల్లు అలా తయారైంది అది జరిగి నూరేళ్ళు దాటిన తర్వాత. పాప కళ్ళు ఇంత చేసుకుని వింటోందని నేను నోరెత్తలేదు. చివర్లో 90 సెంటీమీటర్లకు ఇరుకైపోయే సందు ఒకటి ఉంది, పాప దాన్ని చూడాలని మ్యూనిక్ నుంచి కలవరిస్తోంది. "సాయంత్రం చూద్దాంలే" అన్నాడు. సాయంత్రం!

పన్నెండుంబావుకు కాపలా మార్పిడి మొదలైంది. అది పూర్తి కాకముందే అతనికి ఫోను. ఇంట్లో పాపకు జ్వరమట, వెళ్ళి మందు ఇచ్చి వస్తాడట. రెండున్నరకు టికెట్లతో వాసా మ్యూజియం దగ్గర ఉంటానన్నాడు. "ముందు బిడ్డను చూసుకో నాయనా, మేం వెళ్తాంలే" అని అమ్మే తొందరపెట్టి పంపింది.

నాన్న మోకాళ్ళ సంగతి తెలిసి కూడా స్ట్రాండ్‌వేగెన్ ఒడ్డు వెంట రెండున్నర కిలోమీటర్లు నడిపించాను. గామ్లా స్తాన్ పక్కనే ఉన్న స్లుస్సెన్ రేవు నుంచి పడవ ఉందని, మామూలు బస్సు టికెట్టే దానికీ సరిపోతుందని మాకు తర్వాత తెలిసింది. చెప్పవలసినవాడు జ్వరం చూసుకోవడానికి వెళ్ళాడు మరి. మ్యూజియం ముందు యాభై నిమిషాలు నిలబడ్డాం. ఫోను స్విచాఫ్. చివరికి నేనే కౌంటరుకు వెళ్ళి నాలుగు టికెట్లు అడిగితే, అక్కడి అమ్మాయి పాపను చూసి "పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితం" అని మూడే ఇచ్చింది. అంటే, ఉచితంగా రానిచ్చే పిల్లకు కూడా నా దగ్గర టికెట్ డబ్బు కలిపి తీసుకున్నాడన్నమాట.

వాసా గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఆ ఒక్కటీ చూసినందుకైనా ఈ ప్రయాణం పూర్తిగా దండగ కాలేదు. 69 మీటర్ల కొయ్య యుద్ధనౌక. 1628 ఆగస్టు 10న మొదటిసారి బయలుదేరి, 1,300 మీటర్లు పోయిందో లేదో, గాలి విసురుకు ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్ళు దూరి మునిగిపోయింది. 333 ఏళ్ళు నీటి అడుగున ఉండి 1961లో పైకి వచ్చింది. నాన్న పాపను పక్కన నిలబెట్టుకుని, పైన ఫిరంగుల బరువు, అడుగున చాలని రాళ్ళ బరువు, గురుత్వకేంద్రం అన్నీ చేతులతో చూపిస్తూ అరగంట పాఠం చెప్పారు. మోకాళ్ళు గుర్తులేవు ఆయనకు. అప్పట్లో విచారణ జరిగిందట గాని ఎవరినీ శిక్షించలేదట. ఆ యాప్ సహాయ కేంద్రం అప్పటి నుంచే నడుస్తోందేమో.

ఇక అసలు సంగతి.

ఐదున్నరకు మళ్ళీ గామ్లా స్తాన్ చేరాం. రాజభవనం ఎదుట ఫిన్నిష్ చర్చి వెనక చిన్న ఆవరణలో 15 సెంటీమీటర్ల ఇనుప బుడతడు ఉంటాడు. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని చంద్రుడి వైపు చూస్తుంటాడు. అందరూ నిమిరి నిమిరి తల నున్నగా మెరుస్తోంది. పాప కూడా నిమిరింది. అంతా చూసుకుని కాసేపు కూర్చుందామని స్టూర్‌టోర్యెట్‌కు వస్తే, బావి దగ్గర ఎర్ర గొడుగు.

చుట్టూ ఏడెనిమిది మంది. అందరూ మనవాళ్ళే. అవే తలలు, అవే తెల్ల రాళ్ళు, అదే గొంతు. చేతిలో మా డబ్బా. "ఇవి మా ఇంటి నుంచి వచ్చిన పూతరేకులండీ, మా అతిథులకు నా తరఫున తీపి స్వాగతం" అంటూ ఒక్కొక్కరికీ పంచుతున్నాడు. మూతను పళ్ళెంలాగా ఒకావిడ చేతికి ఇచ్చాడు. మా అమ్మమ్మ పేరు మీద పొడి రాలుతోంది.

నాన్న ఆగిపోయారు. అమ్మ ఆగలేదు. తిన్నగా వెళ్ళి, ముందుగా "బిడ్డకు జ్వరం తగ్గిందా నాయనా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, మా అమ్మకు ఎగతాళి రాదు. అతను ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత అటు తిరిగి గొడుగు ఊపుతూ, "రండి, రండి, అటు వెళ్దాం" అని వాళ్ళను కదిలించాడు. "డబ్బా ఇచ్చెయ్యి బాబూ, మా అమ్మది" అంది అమ్మ. అప్పుడు అందరికీ వినపడేలా అన్నాడు: "ఏమిటి ఆంటీ, నాలుగు పూతరేకులకు కూడా బిల్లు వేస్తారా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

పొద్దున అమ్మ. సాయంత్రానికి ఆంటీ.

నేనేం చేశానని అడగండి. ఏమీ చేయలేదు. నాలుగడుగుల దూరంలో పాప చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఆఫీసులో గొంతు పెద్దదని పేరున్న మనిషిని, ఒక్క మాట పెగల్లేదు. ఆ ఎనిమిదిమంది ముందు 440 యూరోల సంగతి చెప్పి ఉండవచ్చు. సిటీ హాలు, వాసా, స్విచాఫ్, అన్నీ ఏకరువు పెట్టి ఉండవచ్చు. అవన్నీ విమానంలో తోచాయి, వరసగా, మంచి మంచి వాక్యాల్లో. మూత పట్టుకున్న ఆవిడే దాన్ని తన చున్నీతో తుడిచి అమ్మ చేతిలో పెట్టింది. డబ్బా అతను బావి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అడుగున విరిగిన ముక్క ఒకటి ఉంది.

హోటల్‌కు నడుస్తుంటే దారిలో, సెంట్రల్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో, పొడవాటి స్తంభాలతో నీలం భవనం ఒకటి కనిపించింది. కాన్సర్ట్‌హూసెట్. 1926 నుంచి నోబెల్ బహుమతులు ఇచ్చేది అందులోనే, 1930లో రామన్ అందుకున్నదీ అక్కడే. "ఇప్పుడు లేదు అంకుల్" అన్నాడే, అది. పొద్దున మేం నలభై నిమిషాలు ఎదురుచూసిన చోటి నుంచి ఐదారు నిమిషాల నడక. నాన్న మెట్ల మీద చాలాసేపు కూర్చున్నారు. నేను గైడ్ సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డుపెట్టారు.

యాప్‌వాళ్ళకు రాశాను. "మీ బుకింగ్‌ను మీరే రద్దు చేసుకున్నారు" అని జవాబు. నిజమే కదా. అతనికి డబ్బు వెనక్కి ఇమ్మని సందేశం పెడితే రెండు నీలి గీతలు పడ్డాయి, అంతే.

వెళ్ళేవాళ్ళకు రెండు ముక్కలు: యాప్ బయట డబ్బు పంపవద్దు, మీ పిన్నిగారి అబ్బాయి అయినా సరే. స్టాడ్స్‌హూసెట్ టికెట్ వాళ్ళ దగ్గరే కొనండి. స్టేషన్, స్టాడ్స్‌హూసెట్, గామ్లా స్తాన్ అన్నీ ఒకదాని పక్కన ఒకటి, గైడు అవసరమే లేదు, ఫోనులో మ్యాపు చాలు. కార్డు దగ్గర ఉంచుకోండి, నోట్లు తీసుకోని దుకాణాలే ఎక్కువ. పెద్దవాళ్ళుంటే వాసాకు పడవలో వెళ్ళండి.

ఇది రాస్తూ మధ్యలో అతని ప్రకటన మళ్ళీ తెరిచి చూశాను. కింద కొత్త వాక్యం చేరింది: "అతిథులకు మా ఇంటి పూతరేకులతో స్వాగతం." ఈసారి ఎవరింటివో తెలియదు. డబ్బా మాత్రం మా వంటింట్లో బోర్లించి ఉంది.